వీఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్: విండోస్, మ్యాక్, ఉబుంటులో ఎలా పెట్టుకోవాలి?

బీటెక్, డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు పైథాన్ మాట తరచూ వినిపిస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ ఉంటే, ఇంట్లో అన్న వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉండొచ్చు. ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాం ఇంట్లో నడవకపోతే ల్యాప్‌టాప్ పాడైందనుకుని రిపేర్ షాపుకి పరిగెత్తాల్సిన పనిలేదు. చాలాసార్లు తేడా సెట్టింగ్‌లోనే ఉంటుంది.

ఏది ఏమిటి?

వీఎస్ కోడ్ అనేది మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఉచిత ఎడిటర్. కోడ్ రాసుకునేది ఇందులోనే. ఆ కోడ్‌ని నడిపించే పైథాన్ వేరే సాఫ్ట్‌వేర్. ఈ రెండింటినీ కలిపేది ఎక్స్‌టెన్షన్. పైథాన్ లేకుండా ఎక్స్‌టెన్షన్ ఒక్కటే వేసుకుంటే ప్రోగ్రాం నడవదు.

విండోస్‌లో: పైథాన్ డాట్ ఆర్గ్ సైట్ నుంచి పైథాన్ దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'యాడ్ పైథాన్ టు పాత్' అనే గడి కనిపిస్తే టిక్ పెట్టడం మరవొద్దు. టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుందంటే, సిస్టమ్‌కి పైథాన్ దొరకలేదని అర్థం.

మ్యాక్‌లో: వీఎస్ కోడ్‌ని అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి జరపాలి. 2022లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 12.3 నుంచి యాపిల్ పాత పైథాన్ 2ని తీసేసింది. కాబట్టి పైథాన్ 3 వేసుకుని, టెర్మినల్‌లో 'పైథాన్3' అనే కొట్టాలి.

ఉబుంటులో: పైథాన్ 3 ముందే ఉంటుంది. వీఎస్ కోడ్ డెబ్ ఫైల్‌ని అధికారిక సైట్ నుంచి తెచ్చుకోవాలి. ప్రాజెక్టుకి విడిగా ఎన్విరాన్‌మెంట్ కావాలంటే 'పైథాన్3-వెన్వ్' ప్యాకేజీని ఏపీటీతో వేసుకోవాలి.

మూడింటిలోనూ ఒకటే పని

కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఎక్స్‌టెన్షన్ల జాబితా వస్తుంది. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్ నొక్కాలి. పైథాన్ అని వెతికి, తయారీదారు మైక్రోసాఫ్ట్ అని, పక్కన నీలం టిక్ ఉందని చూశాకే ఇన్‌స్టాల్ నొక్కండి. ఎక్స్‌టెన్షన్ మీ ఫైళ్లను చదవగలదు. అందుకే పేరు కలిసిందని ఏది పడితే అది వేయొద్దు.

తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి 'పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్' ఎంచుకోండి. అక్కడ పైథాన్ 3 కనిపించకపోతే వీఎస్ కోడ్ మూసి మళ్లీ తెరవండి. చిన్న ప్రింట్ లైన్ రాసి, పైన కుడివైపున్న ప్లే బటన్ నొక్కితే ఫలితం కింద వస్తుంది.

ఇవి గుర్తుంచుకోండి

• ల్యాబ్ నుంచి పెన్‌డ్రైవ్‌లో కోడ్ ఫైళ్లు మాత్రమే తెచ్చుకోండి. విండోస్‌లో చేసిన 'వెన్వ్' ఫోల్డర్ ఉబుంటులో, మ్యాక్‌లో పనిచేయదు. ఇంట్లో కొత్తగా చేసుకోవాలి.

• వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోల్డర్ తెరిస్తే, నమ్ముతారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది. తెలియనివాళ్లదైతే వద్దనండి. కోడ్‌ని చదవొచ్చు, అది దానంతట అది నడవదు.

• ఇంట్లో నెట్ లేకపోతే వీఎస్‌ఐఎక్స్ ఫైల్ వేరేచోట దించి తెచ్చుకోవచ్చు. అది మీ ఓఎస్‌కి సరిపోయేదేనా చూసుకోండి.

వీఎస్ కోడ్, పైథాన్, ఈ ఎక్స్‌టెన్షన్ మూడూ ఉచితమే. వీటికి లైసెన్స్ డబ్బులని ఎవరైనా అడిగితే ఇవ్వాల్సిన పనిలేదు.