ముద్దు, ముత్తు, ముత్తం

తెలుగులో ‘ముద్దు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చుంబనం, రెండవది గారాబం, ప్రీతి, చూడముచ్చట. ముద్దుబిడ్డ, ముద్దుపేరు, ముద్దుమాటలు అన్నప్పుడు రెండవదే వర్తిస్తుంది. కన్నడంలో ‘ముద్దు’ ప్రధానంగా ఈ రెండవ అర్థానికే నిలిచింది, చుంబనం ‘ముత్తు’. ముత్యానికీ అక్కడ అదే మాట. కనుక పొరుగింటి కన్నడ అవ్వ మన పాపను ‘ముద్దు మగు’ అంటే ముచ్చటైన బిడ్డ అని మెచ్చుకొన్నట్లే. తమిళంలో చుంబనం ‘ముత్తం’, ఒడియాలో ‘చుమా’, మరాఠీలో ‘ముకా’, పసివారికైతే ‘పాపా’.

ఈ మాటలపై సంకోచం కొంత తెచ్చిపెట్టుకొన్నది. తంజావూరు ప్రతాపసింహుని (1739–63) ఆస్థాన కవయిత్రి ముద్దుపళని పేరులోనే ముద్దు ఉంది. ఆమె ‘రాధికాసాంత్వనము’ను నంజనగూడులో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించగా, అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. తమిళ, కన్నడ సీమల తెలుగుకు ఈ ఇద్దరూ చేసిన సేవ చిన్నది కాదు.

కౌగిలి విషయంలో మన భాష మరింత సంపన్నం. సంస్కృతం నుండి వచ్చిన ఆలింగనం, పరిష్వంగం గ్రంథాలకే పరిమితమయ్యాయి. ఇళ్లలో నిలిచినవి కావలించుకొనుట, హత్తుకొనుట, పొదువుకొనుట, అక్కున చేర్చుకొనుట. ఇవన్నీ ఒకటి కావు. తల్లి బిడ్డను పొదువుకొంటుంది. చాలాకాలానికి కలిసిన స్నేహితులు కావలించుకొంటారు. దుఃఖంలో ఉన్నవారిని అక్కున చేర్చుకొంటారు. ‘వాటేసుకొనుట’ మోటు వాడుక. సినిమా పాటలు దానిని ప్రణయానికే కట్టబెట్టాయి. నేటి పిల్లల నోట వీటన్నిటికీ ‘హగ్గు’ ఒక్కటే చెల్లుతోంది.