నాగార్జునసాగర్: కాలువ నీరు, కరెంటు, పల్నాడు

ఒక ప్రాజెక్టు చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు దానిని ఎవరు, ఎప్పుడు కట్టారన్నది తెలుసుకుంటే సరిపోదు. దాని ఫలితం ఎవరికి ఏ మేరకు దక్కిందో కూడా పరిశీలించాలి. పల్నాడు ప్రాంతానికి ఆనుకొని కృష్ణానదిపై నిర్మించిన నాగార్జునసాగర్ ఇందుకు మంచి ఉదాహరణ.

నేపథ్యం

కృష్ణా జలాలను పెన్నా నదికి, అక్కడి నుంచి తమిళ ప్రాంతానికి మళ్లించాలని నాటి మద్రాసు ప్రభుత్వం ఆలోచించింది. తెలుగు ప్రాంతాల్లో దీనికి వ్యతిరేకత వచ్చింది. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ వద్ద ఆనకట్ట నిర్మాణానికి అనుకూలంగా సిఫారసు చేసింది. ఈ ప్రయత్నంలో ముక్త్యాల రాజా కృషి ముఖ్యమైనది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్ర, హైదరాబాదు వేర్వేరు రాష్ట్రాలు. కాబట్టి ఇది రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా మొదలైందని గుర్తుంచుకోవాలి.

నిర్మాణం, ముంపు

వేలాది కూలీల శ్రమతో రాతి కట్టడంగా ఈ ఆనకట్ట లేచింది. పునాది నుంచి దీని ఎత్తు సుమారు 124 మీటర్లు. జలాశయంలో మునిగిన లోయ ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ పైకి, అనుపుకు తరలించింది. లోయలోని ఊళ్లవారు తమ ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లవలసి వచ్చింది. శిల్పాలను మరోచోట నిలబెట్టగలిగారు గానీ ఊరిని ఉన్నదున్నట్టుగా తరలించడం సాధ్యం కాదు.

ముందు కాలువలు, తరువాత విద్యుత్తు

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. విద్యుత్తు మాత్రం దాదాపు పదకొండేళ్ల తరువాత వచ్చింది. ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యూనిట్లు 1978, 1985 మధ్య పని ప్రారంభించాయి. వీటి మొత్తం సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఇందులో 7 యూనిట్లు రెండు విధాలా తిరుగుతాయి. కరెంటు అవసరం ఎక్కువగా ఉన్నప్పుడు ఇవి విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. అవసరం తగ్గినప్పుడు అవే యంత్రాలు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగలవు. ఇందుకోసం దిగువన సత్రశాల వద్ద నీరు నిలిపే టెయిల్‌పాండ్ నిర్మించారు. కుడి కాలువపై 90 మెగావాట్లు, ఎడమ కాలువపై 60 మెగావాట్ల కేంద్రాలు కూడా ఉన్నాయి. కాలువకు నీరు వదిలినప్పుడే ఇవి పనిచేస్తాయి. అంటే ఇక్కడ సేద్యం ముందు, కరెంటు తరువాత.

పల్నాడుకు దక్కినదేమిటి?

జవహర్ కాలువ అని పిలిచే కుడి కాలువ వల్ల పల్నాడులో మెట్ట భూములు అనేకం మాగాణిగా మారాయి. జొన్న పండిన చోట వరి వచ్చింది. పత్తి, మిరప సాగు కూడా పెరిగింది. అయితే నీరు పల్లమెరుగు అన్నట్లు, కాలువ తనకంటే ఎత్తున ఉన్న పొలాన్ని తడపలేదు. అందువల్ల జలాశయానికి దగ్గరగా ఉన్నప్పటికీ మాచర్ల ప్రాంతంలోని వెల్దుర్తి వంటి ఎగువ మండలాలు వానపైనా బోర్లపైనా ఆధారపడ్డాయి. దూరాన ఉన్న ప్రకాశం జిల్లా పొలాలకు చేరిన నీరు పక్కనున్న గట్టును ఎక్కలేకపోయింది. ఈ లోటు తీర్చడానికి ఉద్దేశించినదే వరికపూడిశెల ఎత్తిపోతల పథకం. 2023 నవంబరులో మాచర్లలో దీనికి శంకుస్థాపన జరిగింది. ఎత్తిపోతలకు కావలసినది కరెంటే. నది నుంచి పుట్టిన విద్యుత్తు ఆ నది నీటినే మెట్టకు ఎక్కించినప్పుడు ఈ చరిత్రలో ఒక అసమానత తగ్గుతుంది.

సారాంశం

నాగార్జునసాగర్ తిండిగింజలను, వెలుగును ఇచ్చింది. ఒక లోయను తీసుకుంది. దాని ఫలితం అందరికీ సమానంగా అందకపోవడానికి దూరం కంటే నేల ఎత్తుపల్లాలే ముఖ్య కారణం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కాలువలపై ఉన్న విద్యుత్ కేంద్రాలు ఏడాది పొడవునా ఎందుకు పనిచేయవు?
2. జలాశయానికి సమీపంలో ఉన్నా కొన్ని పల్నాడు గ్రామాలకు సాగునీరు అందకపోవడానికి కారణం వివరించండి.