ఇమ్రోజ్ సంపాదకుని కలం

చరిత్ర పాఠంలో రజాకార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా తరగతిలో పిల్లలు తలలు వంచుకుంటారు. అప్పుడు నేనొక ప్రశ్న వేస్తాను: "బేటా, కాసిం రజ్వీ పేరు విన్నారు సరే, షోయబుల్లా ఖాన్ పేరు విన్నారా?" విన్నామనేవారు అరుదు.

రజ్వీ లాతూరు వకీలు. 1946లో హైదరాబాద్ సంస్థానంలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడైనాడు. సంస్థానం భారత్‌లో చేరరాదన్నది ఆయన పట్టు. ఆయన రజాకార్ల దౌర్జన్యానికి పల్లెలు వణికిపోయాయి. ఎదురు చెప్పాలంటే అందరికీ భయమే.

అట్టి కాలంలో ఉస్మానియాలో చదువుకున్న యువకుడు షోయబుల్లా ఖాన్ ధైర్యం చేశాడు. ఆయన పనిచేసిన 'రయ్యత్' పత్రికను ప్రభుత్వం మూయించగా, 1947లో 'ఇమ్రోజ్' అనే దినపత్రిక పెట్టాడు. ఇమ్రోజ్ అంటే 'ఈ రోజు' అని అర్థం. మన ఉర్దూలోనే రజాకార్లను విమర్శించాడు. సంస్థానం భారత్‌లో చేరాలని కోరిన ముస్లిం ప్రముఖుల ప్రకటనను అచ్చు వేశాడు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి పోతుండగా ఆయనను కాల్చి, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి కన్నుమూశాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

నెల తిరగకుండానే, సెప్టెంబర్ 17న, నిజాం సైన్యం లొంగిపోయింది. రజ్వీ ఖైదీ అయినాడు. ఇప్పుడు అందరి నోటా ఆయనపై శాపనార్థాలే. అయినా బీబీనగర్ దోపిడీ కేసులో ఆయన అప్పీలును సుప్రీంకోర్టు 1953లో విన్నది. ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు శిక్షను ఖాయం చేయగా, ఇద్దరు ఏకీభవించలేదు. షోయబుల్లాకు దక్కని అవకాశం, అంటే తన మాట చెప్పుకొనే అవకాశం, రజ్వీకి దక్కింది. అది తప్పని నేను అనను. అదే న్యాయం మరి! పత్రికలకూ అదే నీతి వర్తించాలి. మనకు గిట్టని నాయకుడైనా సరే, ఆయన అన్నది అన్నట్టు రాయాలి, చేసింది చేసినట్టు రాయాలి. మనవాడని దాచకూడదు, కానివాడని కల్పించకూడదు.

ఇదంతా ఎక్కడో తెలంగాణ సంగతి, మనకెందుకు అనుకోకండి. 2022 మే 24న మన అమలాపురంలోనే జిల్లా పేరు మీద గొడవ లేచి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మాటతో తేల్చుకోవలసిన చోట నిప్పు పెడితే ఏమవుతుందో కళ్ళారా చూశాం.

సోదరులారా! మన పిల్లలు తల వంచుకోనక్కర్లేదు. తనవారి తప్పును తన భాషలోనే ఎత్తిచూపి ప్రాణమిచ్చిన షోయబుల్లా కూడా మనవాడే. ఆ కథ ఇంటింటా చెప్పండి.