రహీమ్ సాబ్‌ను సినిమా ఎంత చూపింది?

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియం లక్షమంది జనంతో కిక్కిరిసింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ప్రత్యర్థి దక్షిణ కొరియా అయినా, గ్యాలరీల కోపమంతా మన జట్టు మీదే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి.సోంధి తప్పుపట్టడమే అందుకు కారణం. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను కోచ్ సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో ఆ కుట్లతోనే ఆడుతున్న జర్నైల్ గోల్స్ కొట్టారు. మొదటి మ్యాచ్‌లో 2-0తో తమను ఓడించిన జట్టుపైనే 2-1తో గెలిచి భారత్ స్వర్ణం అందుకుంది.

ఆ కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. 1963 జూన్ 11న, ఆ గెలుపునకు ఏడాది నిండకముందే, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మెప్పు ఉంది, జనం లేరు

ఈ కథతో అమిత్ రవీంద్రనాథ్ శర్మ తీసిన ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో రంజాన్ పండుగకు విడుదలైంది. రహీమ్‌గా అజయ్ దేవగణ్, ఆయన భార్యగా ప్రియమణి నటించారు. 2019లో మొదలైన చిత్రీకరణకు కరోనా అడ్డుపడింది. 2021లో తౌక్తే తుపాను ముంబయిలో వేసిన మైదానం సెట్‌ను పడగొట్టింది. ఇన్ని ఆటంకాలు దాటి వచ్చిన సినిమాకు విమర్శకుల నుంచి మంచి మాటలే దక్కాయి. జకార్తా పోటీలు సాగే చివరి గంటను చాలామంది మెచ్చుకున్నారు. కెమెరా ఆటగాళ్ల మధ్యనే పరుగెత్తుతుంది. ఫలితం ముందే తెలిసినా ఫైనల్లో గుండె దడదడలాడుతుంది. గొంతు పెంచకుండా, సిగరెట్ పొగ వెనక బాధను దాచుకునే మనిషిగా దేవగణ్ నటన కూడా అందరికీ నచ్చింది.

తప్పులూ ఎంచారు. నిడివి మూడు గంటలు. మొదటి సగమంతా ఫెడరేషన్ గదుల్లో కుర్చీల కొట్లాట. గజరాజ్ రావు పోషించిన క్రీడా విలేఖరిది ఒక్క రంగే, పగ. ‘చక్ దే ఇండియా’తో పోలికలూ వచ్చాయి. అంత మెప్పు దక్కినా వసూళ్లు పెట్టుబడికి చాలా దూరంలోనే ఆగిపోయాయి. పండుగ బరిలో ఎదురుగా పెద్ద హీరోల యాక్షన్ సినిమా ఉంది. ఫుట్‌బాల్ మీద మన జనానికి ఉన్న ఆసక్తీ అంతంతమాత్రమే.

ఆ విమర్శలు సబబే. కానీ అసలు లోటు మరొకటి ఉంది. అది హైదరాబాదు వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

ఓటమితో మొదలైన కథ

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాజయం. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. సినిమా ఇక్కడ మొదలవుతుంది. ఏమీ లేని చోటు నుంచి ఒక్కడే జట్టును నిలబెట్టాడన్న కథకు ఇది చక్కగా కుదురుతుంది. చరిత్ర మాత్రం ఇంకాస్త ముందు నుంచి ఉంది. అంతకు ఏడాది ముందే, 1951లో, రహీమ్ శిక్షణలోనే భారత్ ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. గెలిపించినవాడూ ఆయనే, మరుసటి ఏడాది ఘోరంగా ఓడిన జట్టుకు కోచ్ కూడా ఆయనే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం ఎంత కష్టపడి సాధించుకున్నదో అర్థమవుతుంది.

ఆయన వెనక ఒక నగరం ఉంది. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి ఆయన కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏడాదే ఆ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. కలకత్తా క్లబ్బులదే రాజ్యమనుకునే రోజుల్లో సాధించిన ఘనత ఇది.

ఆయన పద్ధతే వేరు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగిలిందో లేదో పాస్ ఇచ్చేయాలి. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి. ఆ బడిలో రాటుదేలినవాళ్లలో సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఒకరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. జకార్తా జట్టులోనూ ఉన్నారు. సినిమా విడుదలకు ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో మరణించారు. రహీమ్ కుమారుడు, రోమ్ జట్టు సభ్యుడు ఎస్.ఎస్.హకీమ్ 2021లోనే వెళ్లిపోయారు. తెర మీద ఆ కథను చూడాల్సినవాళ్లు చూడలేకపోయారు.

మిగిలిన పని మనదే

‘మైదాన్’ మంచి సినిమా. చివరి గంట చాలా మంచి సినిమా. ఒక మనిషిని మరుపు నుంచి బయటికి తెచ్చినందుకు తీసినవాళ్లకు రుణపడి ఉండాలి. ఆ మనిషిని తయారుచేసిన ఊరి కథ మాత్రం ఇంకా ఎవరూ తెరకెక్కించలేదు. ఆ పని తెలుగువాళ్లు చేయాలి. సిటీ పోలీస్ ఐదేళ్ల జైత్రయాత్ర ఒక్కటి చాలు, పూర్తి నిడివి సినిమాకు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు ఇంతవరకు మరో పతకం రాలేదు.