మన కుళాయి నీళ్ళ అడుగున విజయపురి

బర్కత్‌పురలో ఉండేవాళ్ళం నీళ్ళ చరిత్ర చెప్పుకోవాలంటే 1908 మూసీ వరద దగ్గర మొదలుపెడతాం. ఆ వరద పట్నాన్ని ముంచేశాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. జనం పెరిగారు, మంజీర వచ్చింది. అదీ చాలక 2004లో కృష్ణ వచ్చింది. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నాగార్జునసాగర్ నీరు అక్కంపల్లి జలాశయంలో చేరుతుంది. కోదండాపురంలో శుద్ధయి, సాహెబ్‌నగర్ మీదుగా నగరంలోకి ప్రవహిస్తుంది. ఈ కృష్ణా పథకం మూడు దశలూ కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు.

మనం తాగే నీటి సంగతి ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఆ నీరు నిలిచిన చోట, అడుగున, పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఒక రాజధాని ఉంది. దాని పేరు విజయపురి. ఇక్ష్వాకులు ఏలిన నగరం అది. మన పేట చరిత్ర రాసుకునేటప్పుడు నిజాం కాలం దగ్గర ఆగిపోకుండా ఆ నగరం దాకా వెళ్ళాలని నా అభిప్రాయం. మన బిందెలోకి వచ్చే నీటికి అంత చరిత్ర ఉంది.

మూడు వైపులా కొండలు

విజయపురిది కొండల మధ్య చిన్న రాజ్యం. చిన్న బౌద్ధ కొండరాజ్యం అనగానే ఇప్పుడు ఎవరికైనా భూటాన్ గుర్తొస్తుంది. భారత్, చైనాల మధ్య సముద్రం తగలని దేశం. విస్తీర్ణం సుమారు 38 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా ఎనిమిది లక్షల లోపు. 17వ శతాబ్దంలో టిబెట్ నుంచి వచ్చిన ఝబ్‌ద్రుంగ్ అనే లామా అక్కడి లోయలన్నిటినీ ఒక్క పాలన కిందికి తెచ్చాడు. 1907 నుంచి వాంగ్‌చుక్ వంశం ఏలుతోంది. 2008 నాటి రాజ్యాంగం రాజు బౌద్ధుడై ఉండాలంటుంది, దేశంలో 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలంటుంది. అక్కడి మఠాల్లో భిక్షువులు ఇవాళ్టికీ అధ్యయనం చేసే శూన్యవాదానికి ఆచార్యుడు నాగార్జునుడు. ఆయన నివాసం శ్రీపర్వతమని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. విజయపురి శాసనాలు తమ కొండను పిలిచిన పేరు సిరిపవత, అంటే శ్రీపర్వతమే.

హిమాలయాల్లో ఉన్న ఆ రాజ్యానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న లోయ మనకు నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. నల్లమల నుంచి చీలివచ్చిన కొండలు మూడు వైపులా గోడ కట్టాయి. నాలుగో వైపు కృష్ణ. శత్రువు రావాలంటే కనుమలు దాటాలి, లేదా నది దాటాలి. శాతవాహనుల పట్టు సడలిన తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దం మొదటి సగంలో, ఇక్ష్వాకు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు ఇక్కడ సొంత రాజ్యం నిలబెట్టాడు. అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల చాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు. నాలుగు తరాలు, సుమారు వందేళ్ళు.

వంశం చిన్నదే కానీ కట్టడాలు చిన్నవి కావు. కోట, దాని చుట్టూ అగడ్త. నది ఒడ్డున మెట్ల రేవులు, వరసగా దేవాలయాలు. మెట్లమీద కూర్చుని చూసే రంగస్థలం. లోయ పొడవునా ముప్పైకి పైగా బౌద్ధారామాలు. అన్నిటికీ అక్కడే దొరికే పల్నాటి సున్నపురాయే ఆధారం. ఆ రాతి మీద శిల్పుల చేయి ఎంత సులువుగా నడిచిందో ఆ శిల్పాల్లోని ఆభరణాలు, తలపాగాలు, చెట్ల ఆకులు చూస్తే తెలుస్తుంది.

యాగాల రాజులు, విహారాల రాణులు

భూటాన్‌లో రాజే ధర్మానికి అండ. విజయపురిలో సంగతి వేరు. చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, వాజపేయం చేశాడు, మహాసేనుడి భక్తుడు. కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళు దానమిచ్చినవాడని శాసనాలు ఆయన్ని కీర్తిస్తాయి. ఆ ఇంటి ఆడవాళ్ళు మాత్రం బుద్ధుడికి కట్టారు. ఒకే ఇంట్లో యాగమూ స్తూపమూ రెండూ సాగాయి. ఏదీ రెండోదాన్ని ఆపలేదు.

ఆ స్త్రీలలో మొదట చెప్పుకోవలసింది చాంతిసిరి. ఆవిడ చాంతమూలుడి చెల్లెలు, మహాసేనాపతి ఖందసిరి భార్య. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఆ చైత్యం వ్యాసం 106 అడుగులు, పునాది బండిచక్రం ఆకారం. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి జననం, గృహత్యాగం, సంబోధి, తొలి ఉపదేశం, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. ఈ చైత్యంలో సమ్యక్ సంబుద్ధుడి ధాతువు ఉందని శాసనం చెప్పింది. తవ్వితే వెండి భరిణెలో బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. శాసనం చెప్పిన మాట రాతిలోనే కాదు, మట్టిలోనూ నిలిచింది. ఆ ధాతువును తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అందజేశారు.

వీరపురుషదత్తుడి రాణుల్లో ఇద్దరు, బాపిసిరి, ఛఠిసిరి, అతని మేనత్త హమ్మసిరి కూతుళ్ళు. మన ఇళ్ళల్లో నిన్నమొన్నటి దాకా ఘనంగా సాగిన మేనరికం అక్కడ రాతి మీద రాసి ఉంది. ఆ ఇద్దరూ మహాచైత్యానికి స్తంభాలిచ్చారు. ఇంకో రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని రాజు కూతురు. భట్టిదేవి అనే రాణి బహుశ్రుతీయ శాఖ భిక్షువుల కోసం విహారం కట్టించింది. ఆవిడ కొడుకే ఎహువులుడు. ఆ ఇంటి ఆడపడుచు కొడబలిసిరి వనవాసి రాజుకు రాణిగా వెళ్ళింది. ఆవిడ కూడా పుట్టింటి ఊళ్ళో మహీశాసక శాఖకు విహారం ఇచ్చింది. పెళ్ళిళ్ళతో రాజ్యం ఉత్తరాన ఉజ్జయిని దాకా, పడమట వనవాసి దాకా చుట్టాల్ని సంపాదించుకుంది. ఆ చుట్టరికాల జ్ఞాపకం నిలిచింది మాత్రం ఆడవాళ్ళు వేయించిన శాసనాల వల్ల.

రాజకుటుంబం కాని మనిషి కూడా అక్కడ కనిపిస్తుంది. ఉపాసిక బోధిసిరి. వీరపురుషదత్తుడి 14వ సంవత్సరంలో చుళ్ళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ గుట్టను మన కాలంలో నహరాళ్ళబోడు అన్నారు. ఆవిడ శాసనం పెద్దది. ఈ ఒక్క చోటే కాదు, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పూవసేలలో చెరువు, మండపం, కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, ఇంకా ఎన్నో చోట్ల చేసిన దానాలు వరసగా చెప్పింది. అత్తింటివాళ్ళు, పుట్టింటివాళ్ళు అందరి పేర్లూ చెప్పి, పుణ్యంలో వాటా పంచింది. తెలుగు నేల మీద ఒక మామూలు గృహిణి తన కుటుంబాన్ని ఇంత వివరంగా చరిత్రకు అప్పగించిన సందర్భం అంత పాతది ఇంకొకటి నాకు కనబడదు.

కొండలు అడ్డం రాలేదు

ఆ శాసనంలోనే ఇంకో సంగతి ఉంది. ఆ చైత్యగృహం తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం. ఆ ఆచార్యులు ధర్మం వైపు తిప్పిన దేశాల పట్టిక అందులో ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనం, చిలాతం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవనం, ద్రవిడం, పాలూరు. కొండల మధ్య మూసుకున్న లోయలో ఒక గుట్ట మీద ఇన్ని దేశాల పేర్లు చెక్కారు. తీరం లేని రాజధాని ప్రపంచాన్ని ఎలా చేరుకుందో కంటకసోల పేరు చెబుతుంది. అది కృష్ణా ముఖద్వారం దగ్గర ఉన్న ఇప్పటి ఘంటసాల, ఆనాటి ఓడరేవు. నది వెంట సరుకు దిగేది, నది వెంట భిక్షువులు ఎక్కి వచ్చేవారు. లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కొమ్ముతో మద్యం తాగే విదేశీ దేవత బొమ్మ, కోటూ షరాయీ తొడుక్కున్న శక సైనికుడి బొమ్మ స్తంభాల మీద ఉన్నాయి.

ఇక్ష్వాకుల చెయ్యి మన తెలంగాణ లోపలికీ సాగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఆరామంలో రుద్రపురుషదత్తుడి 18వ సంవత్సరపు శాసనం దొరికింది. రాజవైద్యుడు ధర్మచక్రం నిలబెట్టించిన సంగతి అందులో ఉంది. ఆ గుట్ట శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయి.

4వ శతాబ్దంలో పల్లవుల బలం పెరిగింది, ఇక్ష్వాకుల పేరు వినిపించకుండా పోయింది. పోషించే రాణులు లేరు, వర్తకుల రాక తగ్గింది. ఆరామాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. లోయను అడవి కమ్మేసింది. చెంచులు, లంబాడాలు, పుల్లారెడ్డిగూడెం రైతులు ఆ దిబ్బల మధ్య బతికారు.

తవ్వకం, మునక

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసనశాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి వెళ్ళి పరిశీలించాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. అప్పట్లో లోయ గుంటూరు జిల్లాలో, బ్రిటిష్ పాలనలో ఉంది. నదికి ఇటువైపు నల్లగొండ నిజాం రాజ్యం. మన పేట పెద్దలకు ఆ లోయ అవతలి రాజ్యంలోది.

తర్వాత నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని నిర్ణయమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మొత్తం మునుగుతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగాల గుళ్ళ దాకా అన్నీ బయటపడ్డాయి. రాళ్ళకు నంబర్లు వేసి, విప్పి, కొన్నిటిని ఆ లోయలోని నాగార్జునకొండ పైకి, కొన్నిటిని అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. తొమ్మిది కట్టడాలను అలా కాపాడారు, మిగిలినవాటిలో కొన్నిటికి నమూనాలు చేశారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. విజయపురి మునిగింది. అక్కడి ఊళ్ళూ మునిగాయి. రాళ్ళు కొండెక్కాయి, మనుషులు చెదిరిపోయారు.

ఆనకట్ట వద్దని అనడానికి నాకు నోరు రాదు. ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై మన వంటింట్లోకి వస్తున్నాయి. అదే జలాశయం మన దాహం తీరుస్తోంది. కరువు నేలకు నీళ్ళు రావడం గొప్ప మేలు. ఆ మేలు పొందిన వాళ్ళం కాబట్టే, ఏం పోగొట్టుకుని ఇది సంపాదించామో మనకు తెలిసి ఉండాలి.

మన మీద ఉన్న బాకీ

నారాయణగూడ దాటి లిబర్టీ మీదుగా ట్యాంక్‌బండ్‌కు వెళితే హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు కనిపిస్తాడు. భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట నుంచి తెచ్చిన ఏకశిల, ఎత్తు 18 మీటర్లు, శిల్పి గణపతి స్థపతి. 1990 మార్చి 10న తరలిస్తుండగా నీళ్ళలో పడిపోయింది, పనివాళ్ళ ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబర్ 1న పైకి లేచి నిలబడింది. సాయంత్రాలు ఆ బుద్ధుణ్ణి చూసే పిల్లల్లో ఎందరికి చాంతిసిరి పేరు తెలుసు? బోధిసిరి పేరు? రాజుల వరస పాఠాల్లో ఉంటుంది. కట్టినవాళ్ళ వరస ఉండదు.

ఇది సరిచేయడం కష్టమేమీ కాదు. చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో వేలమంది యువకులు పోటీ పరీక్షల కోసం ఇక్ష్వాకుల పాఠం చదువుతారు. మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ పేర్లున్న చోటికి ఒక్క రోజులో వెళ్ళిరావచ్చు. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటితే సాగర్. కుడిగట్టున విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ. ఎడమగట్టున 2022లో తెరిచిన బుద్ధవనం. మన బళ్ళు పిల్లల్ని జూపార్కుకు తీసుకువెళ్ళినట్టే అక్కడికీ తీసుకువెళ్ళాలి. మ్యూజియంలో శిల్పం ముందు నిలబెట్టి, ఇది కట్టించింది ఒక రాజు చెల్లెలు, అది కట్టించింది ఒక గృహిణి అని చెప్పాలి. లాంచీలో ఉండగా, కింద ఊళ్ళు ఉండేవని, మనుషులు చెదిరిపోయారని కూడా చెప్పాలి.

జలమండలికీ ఒక మనవి. నగరంలో కృష్ణా నీరు నింపే ప్రతి రిజర్వాయర్ గోడ మీద ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఆ చోటి పాత పేరేమిటో నాలుగు వరసల్లో రాయించాలి. ఖర్చు రంగు డబ్బా అంత. ఆ దారిన బడికి వెళ్ళే పిల్లలు అది రోజూ చదువుతారు, ఇంటికొచ్చి అడుగుతారు. అప్పుడు చెప్పడానికి మనకు తెలిసి ఉండాలి కదా. అందుకోసం ముందు మనం చదవాలి, వెళ్ళి చూడాలి.