వాయునాళం స్లైడ్

ఎంబీబీఎస్ మొదటి ఏడాది హిస్టాలజీ ల్యాబ్. మీ ముందు మైక్రోస్కోపు, పక్కన రికార్డు, దానిమీద ఊదా, గులాబీ పెన్సిళ్లు. స్లైడ్‌ మీద చిన్న గులాబీ వలయం కనిపిస్తోంది. అడ్డంగా కోసిన వాయునాళం అది. మందం సుమారు 5 మైక్రాన్లు. కోసినప్పుడు రంగేమీ ఉండదు. హిమటాక్సిలిన్ కేంద్రకాలకు నీలం పట్టిస్తే, ఇయోసిన్ మిగతాదానికి గులాబీ పట్టించింది.

"పెద్ద లెన్సుకు తొందరపడకమ్మా, ముందు ఎక్కడున్నావో చూసుకో," అంటున్నారు వెనకనుంచి మేడమ్. నాబ్ మెల్లగా తిప్పండి. మసక విడిపోయి లోపలి అంచున ఊదా గీత, దాని వెలుపల లేత నీలం కమాను తేలతాయి.

ఇప్పుడు 40 ఎక్స్. గీత కాస్తా కణాల వరసయింది. ఇదే ఉపకళ. కేంద్రకాలు ఎగుడుదిగుడుగా ఉండటంతో మూడు నాలుగు పొరలనిపిస్తుంది గానీ ఉన్నది ఒక్కటే. ప్రతి కణమూ అడుగునున్న ఆధారత్వచాన్ని తాకే ఉంది. కొన్ని పైదాకా ఎదగలేదు, అంతే. పై అంచున శైలికలు. మధ్యమధ్య వెలిసినట్టున్నవి గోబ్లెట్ కణాలు. వీటి జిగురుకు దుమ్ము అంటుకుంటే శైలికలు గొంతువైపు నెట్టేస్తాయి. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చినవాళ్లలో ఈ ఉపకళ కణాల స్థానంలో శైలికల్లేని బల్లపరుపు కణాలు వస్తాయి. ఆ మేరకు నెట్టే పని ఆగిపోతుంది. కఫాన్ని దగ్గి బయటికి తేవాల్సిందే.

స్లైడ్ కాస్త జరపండి. నీలం కమాను మృదులాస్థి, సంయోజక కణజాలంలో ఒక రకం. గాజులాంటి పదార్థంలో గుంటలు, గుంటల్లో జంటలుగా కణాలు. రక్తనాళం కోసం వెతకండి. దొరకదు. పోషకాలన్నీ అంచునున్న పొరనుంచి ఊరి రావాల్సిందే. అందుకే మృదులాస్థికి దెబ్బ తగిలితే ఓ పట్టాన మానదు.

కమాను కొసల మధ్య, వెనకవైపు నునుపు కండరం. దగ్గేటప్పుడు ఇది బిగిసి నాళాన్ని ఇరుకు చేస్తుంది, గాలి విసురు పెరుగుతుంది.

పారిస్‌లో జేవియర్ బిషా అనే వైద్యుడు మైక్రోస్కోపు వాడకుండానే శరీరంలో 21 రకాల కణజాలాలను గుర్తించాడు. 1802లో 30 ఏళ్లకే పోయాడు. ఇప్పటి పుస్తకాల్లో అవి నాలుగు, నాలుగు వేర్వేరు పాఠాలు. పాఠాల కన్నా ముందు, నాలుగూ ఒకేచోట ఉన్న ఈ ఒక్క స్లైడే చూపించాలని నేనంటాను.

"నాలుగోది ఏదమ్మా?" మేడమ్ మీ పక్కకొచ్చారు. కండరం దగ్గర్లో వెతకండి. అలలుగా సాగిన లేత పోగుల చిన్న కట్ట కనిపిస్తుంది. అది నాడి. కండరానికి బిగుసుకొమ్మనే ఆజ్ఞ వేగస్ నాడి కొమ్మల్లోంచే వస్తుంది. రికార్డులో చాలామంది దీన్ని గీయకుండా వదిలేస్తారు. మీరు గీయండి.