గాడి చెప్పే చరిత్ర: ఉలి నుంచి రూటర్ బిట్ దాకా

చరిత్రకు ఆధారాలు అనగానే శాసనాలు, ఫర్మానాలు, నాణేలు గుర్తుకు వస్తాయి. వడ్రంగులు తమ పని గురించి రాసిపెట్టింది చాలా తక్కువ. వాళ్ళ చరిత్రకు మిగిలిన ఆధారం చాలావరకు వాళ్ళు కోసిన కొయ్యే. తలుపు చట్రంలో పలక కూర్చునే గాడిని దగ్గరగా చూస్తే అది ఏ పనిముట్టుతో, ఏ కాలంలో తీసినదో కొంతవరకు చెప్పవచ్చు. గాడిలో కనిపించే లోపాలు మరింత బాగా చెబుతాయి. జహీరాబాద్ దగ్గరి కోహీర్‌ను కేంద్రంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

కోహీర్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నా, 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో భాగం. ఆ బీదర్‌లో గాడి తీయడం ఒక పెద్ద కళ. బీదర్ కోటలోని రంగీన్ మహల్‌లో నగిషీ చెక్కిన కొయ్య స్తంభాలు, నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్ప పని నేటికీ చూడవచ్చు. బిద్రీ పనివాడు జస్తు, రాగి కలిసిన లోహంలో సన్నని గాడి చెక్కి అందులో వెండి తీగను కొట్టి కూర్చోబెడతాడు. రాయి, లోహం, కొయ్య వేరైనా సూత్రం ఒకటే: గాడి అంచు శుభ్రంగా లేకపోతే పొదిగినది నిలవదు.

కొయ్యలో గాడి తీయడానికి వడ్రంగికి ఉలి ఉండేది, తరువాత గాడి కోసే రంద (చిత్రిక) ఉండేది. రెండింటిలోనూ అంచు నెమ్మదిగా కదులుతుంది. కొయ్య నార ఎదురు తిరిగితే అరచేతికి ముందే తెలుస్తుంది. వడ్రంగి రందను తిప్పి రెండోవైపు నుంచి పడతాడు. లోపం కంటికి కనపడకముందే చేతికి అందేది. యంత్రం వచ్చాక పోయింది ప్రధానంగా ఇదేనని నా అభిప్రాయం.

‘రూటర్’ అన్న పేరు మొదట చేతిపనిముట్టుదే. అమెరికాలోని స్టాన్లీ కంపెనీ రూటర్ రందకు 1884లో పేటెంటు వచ్చింది. మోటారుతో తిరిగే రూటర్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో అమెరికాలోనే రూపుదిద్దుకుంది. దాన్ని తయారుచేసే కార్టర్ కంపెనీని స్టాన్లీ 1929లో కొనుక్కుంది. ఇప్పటి చేతి రూటర్ నిమిషానికి 20,000 సార్లకు పైగా తిరగగలదు. ఆ వేగం దగ్గర చేయి ఏమీ పసిగట్టలేదు. కాబట్టి లెక్క వేసుకోవాలి.

విద్యార్థులు ఎక్కువగా చూసే లోపం గాడి గోడలు నల్లగా మాడడం. రెండు అంచుల బిట్ నిమిషానికి 20,000 సార్లు తిరిగితే 40,000 కోతలు పడతాయి. నిమిషానికి 3 మీటర్ల చొప్పున తోస్తే ఒక్కో కోతకు 0.075 మి.మీ. మందం పొట్టు వస్తుంది. జాగ్రత్త అనుకొని 1 మీటరు చొప్పున తోస్తే 0.025 మి.మీ. మాత్రమే. అప్పుడు అంచు కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, వేడి పుడుతుంది. నెమ్మదిగా తోయడం చేతిపనిలో మంచి అలవాటు. ఇక్కడ అదే కొయ్యను మాడుస్తుంది. లోతును ఒకేసారి తీయడం కూడా వేడికి కారణం. 12 మి.మీ. బిట్‌తో ఒక్కో విడతకు 6 మి.మీ. లోతు దాటకుండా తీస్తే పొట్టు బయటికి పోతుంది.

వేడికి, ఉక్కు చరిత్రకు దగ్గరి సంబంధం ఉంది. తెలంగాణలోనే, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కాచి తీసిన ఉక్కును 19వ శతాబ్దం తొలినాళ్ళలో హెన్రీ వాయ్సీ చూసి వర్ణించాడు. ఆ వర్ణన 1832లో అచ్చయింది. అటువంటి కార్బన్ ఉక్కుకు పదును అద్భుతంగా నిలుస్తుంది, కానీ 250 డిగ్రీల సెల్సియస్ సమీపంలోనే అది మెత్తబడడం మొదలవుతుంది. చేతి ఉలికి ఆ వేడి ఎప్పుడూ తగలదు. 1900 నాటి హైస్పీడ్ ఉక్కు సుమారు 600 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకొంది. జర్మనీలో 1923లో పేటెంటు పొందిన టంగ్‌స్టన్ కార్బైడ్ దాన్ని మించింది, అయితే పెళుసు. కింద పడినా, మేకు తగిలినా అంచు చిట్లుతుంది. టేకులో ఉండే సిలికా హైస్పీడ్ ఉక్కు అంచును త్వరగా అరగదీస్తుంది. టేకు పనికి కార్బైడ్ ఎందుకు కావాలో దీనివల్ల అర్థమవుతుంది. మొద్దుబారిన బిట్‌ను ఎంత వేగంగా తోసినా గాడి మాడక తప్పదు.

ఇక బిట్ జారడం. గాడి ఒకచోట 6 మి.మీ. లోతుండి, మరోచోట 8 మి.మీ. ఉంటే బిట్ కోలెట్‌లో నిలవలేదని అర్థం. దీనికి కారణం మన కొలతల చరిత్రలో కూడా ఉంది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో కోహీర్ ప్రాంతం మెదక్ జిల్లాలోకి వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు మెట్రిక్ కొలతల చట్టం చేసింది. 1958 అక్టోబరు 1 నుంచి అది దశలవారీగా అమలైంది. అయినా కొయ్యపనిలో ‘అర ఇంచు’, ‘పావు ఇంచు’ పోలేదు. బజారులో 6 మి.మీ. కాడ ఉన్న బిట్టూ దొరుకుతుంది, పావు ఇంచు, అంటే 6.35 మి.మీ. కాడదీ దొరుకుతుంది. పావు ఇంచు కోలెట్‌లో 6 మి.మీ. కాడ బిగిసినట్టే అనిపిస్తుంది, కోతలో జారుతుంది. 12, 12.7 మి.మీ. మధ్య కూడా ఇదే గొడవ. నట్టును ఇంకా గట్టిగా తిప్పడం పరిష్కారం కాదు, కోలెట్ మార్చాలి. కాడను అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు మి.మీ. పైకి లాగి బిగించాలి.

గాడి వంకర పోవడం తేలికగా సరిచేయగల లోపం. పైనుంచి చూస్తే బిట్ కుడివైపు తిరుగుతుంది, కాబట్టి ముందుకు తోసేటప్పుడు యంత్రం ఎడమకు లాగుతుంది. ఆనించే పట్టీ ఎడమవైపు ఉంటే ఆ లాగుడే దాన్ని పట్టీకి అదిమి ఉంచుతుంది. వేప వంటి అల్లికనార కొయ్యలో మాత్రం ఎటు తోసినా ఎక్కడో పెచ్చు లేస్తుంది. చివరి విడతను పలుచగా తీయడమే మార్గం.

మీ ఊళ్ళో పాత తలుపో, పెట్టెనో దొరికితే మధ్యలో ఆగిపోయిన గాడి చివరను చూడండి. ఉలి మూలను చదరంగా వదులుతుంది. రూటర్ బిట్ అర్ధచంద్రాకారంగా వదులుతుంది. దాని వెడల్పు కొలిస్తే అది మి.మీ. బిట్టో, ఇంచు బిట్టో తేలవచ్చు. గోడలు రూటర్‌వి, మూల మాత్రం చదరంగా ఉంటే, యంత్రం ఆగాక ఎవరో ఉలి పట్టుకున్నారన్నమాట.